పాత బైఫోకల్ దొరకనప్పుడు ఏ అద్దం?

నలభై దాటాక కంట్లోని కటకం మెత్తదనం తగ్గి, దగ్గరి వస్తువుల మీద చూపు నిలవడం కష్టమవుతుంది. ఇదే చత్వారం. అప్పటికే దూరపు చూపుకు కళ్లజోడు వాడుతున్నవారికి ఇక రెండు పవర్లు కావాలి. ఆ రెండింటినీ ఒకే ఫ్రేములో పెట్టిన జోడును తాను వాడుతున్నట్టు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1784, 1785 నాటి లేఖల్లో రాశాడు. రెండు రకాల అద్దాలను సగానికి కోసి, దూరానిది పైన, చదువుకునేది కింద బిగించిన జోడు అది. ఇలా రెండు పవర్లున్న అద్దమే బైఫోకల్.

ఆ తర్వాత దగ్గర చూపు భాగం చాలా రూపాలు మార్చింది. గుండ్రటి చిన్న ముక్కను అద్దంలోనే కరిగించి అతికిన క్రిప్టాక్‌ను మన ఆప్టికల్ షాపుల్లో 'కేటీ' అంటారు. పై అంచు తిన్నగా, అడుగు గుండ్రంగా ఉండేది 'డి'. అద్దం ఈ చివర నుంచి ఆ చివరికి గీత సాగే 'ఎగ్జిక్యూటివ్'ను అమెరికన్ ఆప్టికల్ కంపెనీ 1954లో తెచ్చింది. రెండు గీతలు, మూడు పవర్లు ఉంటే ట్రైఫోకల్. 1959లో ఫ్రాన్స్‌లో బెర్నార్ మెత్నాజ్ రూపొందించిన వారిలక్స్‌తో గీతే కనిపించని ప్రోగ్రెసివ్ బజారుకొచ్చింది.

ఇప్పుడు గీతల అద్దాల్లో చాలా రకాలు ఒక్కొక్కటే తప్పుకుంటున్నాయి. అందం కోసం జనం ప్రోగ్రెసివ్ వైపు మళ్లడం ఒక కారణం. అసలు కారణం తయారీలో ఉంది. బైఫోకల్‌కు దగ్గర చూపు ముక్క ముందే పోతపోసి ఉన్న ముడి అద్దాలు కావాలి. అద్దం వంపులు ఆరు, చదువు పవర్లు తొమ్మిది అనుకున్నా, కుడి ఎడమ కళ్లకు వేరువేరుగా 108 రకాలు నిల్వ పెట్టాలి. అదీ ఒక్క మెటీరియల్‌కే. ప్రోగ్రెసివ్‌కు ఇప్పుడు ఈ బెడద లేదు. మామూలు ముడి అద్దాన్ని కంప్యూటర్ నడిపే యంత్రం వెనకవైపు చెక్కి, కావలసిన పవర్ తెచ్చేస్తుంది. అందుకే గిరాకీ తగ్గిన ట్రైఫోకల్, ఎగ్జిక్యూటివ్ లాంటివి ముందుగా పోతున్నాయి. గాజు అద్దాల వాడకం తగ్గడం కూడా వాటికి దెబ్బే. అదే నెంబరుకు పలుచగా వచ్చే కొత్త ప్లాస్టిక్‌లలో పాత ఆకారాలన్నీ చేయడం లేదు.

అయినా పాత అద్దాలు వాడేవారు వాటిని అంత సులువుగా వదలకపోవడానికి గట్టి కారణాలున్నాయి. గీత దాటగానే అక్షరం ఒక్కసారిగా ఎగిరినట్టు కనిపిస్తుంది. 22 మిల్లీమీటర్ల కేటీలో ఈ ఎగురుడు ఎక్కువ, 'డి'లో సగానికి సగం తక్కువ, ఎగ్జిక్యూటివ్‌లో దాదాపు ఉండదు. పైగా ఎగ్జిక్యూటివ్‌లో దగ్గర చూపు వెడల్పు మొత్తం అద్దమంత. పద్దుపుస్తకం ఒక చివర నుంచి మరో చివరికి తల తిప్పకుండా చదవొచ్చు. ట్రైఫోకల్ మేలు ఇంకో రకం. అరవై దాటినవారికి దగ్గర పవర్ 40 సెంటీమీటర్లకు కుదిరితే, 70 సెంటీమీటర్ల దూరంలోని కంప్యూటర్ తెర బైఫోకల్‌లో పై భాగంలోంచీ కింది భాగంలోంచీ మసకే. ఆ మధ్య దూరాన్ని చూపేది ట్రైఫోకల్ నడిమి పట్టీ.

ప్రోగ్రెసివ్‌లో పై నుంచి కిందికి పవర్ మెల్లగా పెరుగుతుంది. మధ్యలో స్పష్టంగా కనిపించే సన్నటి దారి ఉంటుంది, దాని రెండు పక్కలా మసక తప్పదు. పవర్ ఎంత వేగంగా పెరిగితే పక్కల వంకర అంతకు రెట్టింపు వేగంతో పెరుగుతుందని గణితంతో రుజువైంది. ఏ కంపెనీ అయినా ఈ మసకను అటూ ఇటూ జరపగలదు కానీ తీసేయలేదు. 'మసక అసలుండదు' అనే మాట నమ్మదగింది కాదు. చదువు పవర్ ఎక్కువగా ఉన్నా, ఫ్రేము మరీ పొట్టిగా ఉన్నా ఆ దారి ఇంకా ఇరుకవుతుంది.

కాబట్టి ఎంపిక షాపులో కాదు, ఇంట్లో టేపుతో మొదలవడం మేలు. పుస్తకం ఎంత దూరంలో పట్టుకుంటారు, కంప్యూటర్ ఎంత దూరంలో ఉంటుంది, ఏ పనికి కళ్లు కిందికి వాలుతాయి, దేనికి తల ఎత్తాలి అన్నది కొలిచి, రాసుకుని డాక్టరుకు చెప్పాలి. కుట్టుమిషను ముందు కూర్చునే టైలరుకు సూది 40 సెంటీమీటర్లలోపే, ఎదురుగా ఉంటుంది. ఆయనకు వెడల్పైన దగ్గర చూపు ముఖ్యం. 'డి' బైఫోకల్ గానీ, పని వేళకు విడిగా ఒక దగ్గర చూపు జోడు గానీ నప్పుతుంది. బ్యాంకు క్యాషియరు నోట్లను దగ్గరగా, తెరను మధ్య దూరంలో, ఖాతాదారును కాస్త అవతల చూస్తారు. వారికి ఆఫీసు ప్రోగ్రెసివ్ అనే రకం హాయి. అందులో దూరపు చూపు తగ్గించి మధ్య, దగ్గర దూరాలకు చోటు పెంచుతారు. దాంతో బండి నడపకూడదు. తల పైకెత్తి దగ్గరి పని చేసే ఎలక్ట్రీషియన్‌కు అద్దం పైన కూడా దగ్గర పవర్ కావాలి. అలాంటి రెండు ముక్కల బైఫోకల్ దొరకకపోతే పనికి వేరే జోడే దారి. ట్రైఫోకల్ అలవాటున్నవారికి ఎక్కువగా సరిపోయేది ప్రోగ్రెసివే. అలవాటు పడటానికి కొన్ని రోజులు ఓపిక పట్టాలి.

మెట్ల సంగతి వేరే చెప్పుకోవాలి. కిందికి చూస్తే చదువు పవర్ అడ్డొచ్చి మెట్టు అంచు మసకబారుతుంది. ఆస్ట్రేలియాలో జరిగి 2010లో ప్రచురితమైన ఒక పరీక్షలో, తరచూ బయట తిరిగే వృద్ధులకు నడకకు దూరపు చూపు జోడు విడిగా ఇస్తే పడిపోవడాలు తగ్గాయి. బయటికి అరుదుగా వెళ్లేవారిలో మాత్రం ఆరుబయట పడటం పెరిగింది. రోజూ నడిచే పెద్దలకు అందుకే రెండో జోడు అడిగి తీసుకోవడం మంచిది.

ప్రోగ్రెసివ్ నప్పకపోవడానికి అద్దం కన్నా కొలతే తరచూ కారణం. రెండు కళ్ల కంటిపాపల నడుమ దూరాన్ని మొత్తంగా కాక, ముక్కు మధ్య నుంచి ఒక్కో కంటికి విడిగా కొలవాలి. కంటిపాప ఎత్తును కూడా, ఎంచుకున్న ఫ్రేము పెట్టుకుని మామూలుగా నిలబడ్డప్పుడు గుర్తించాలి. అద్దం మీద 34 మిల్లీమీటర్ల దూరంలో రెండు సన్నటి గుర్తులు చెక్కి ఉంటాయి. కణత వైపు గుర్తు కింద చదువు పవర్ అంకె ఉంటుంది. అద్దం మీద ఊది, వెలుతురుకు పక్కగా పట్టుకుంటే కనిపిస్తాయి. చీటీలో రాసిన పవర్‌తో ఆ అంకెను పోల్చుకోవచ్చు. బైఫోకల్ మార్చుకునేవారు పాత జోడును షాపుకు తీసుకెళ్లాలి. గీత మామూలుగా కింది రెప్ప అంచుకు ఉంటుంది. అలవాటైన ఎత్తు ఏ రెండు మిల్లీమీటర్లు మారినా, పేపరు చదవాలంటే గడ్డం ఎత్తడమో దించడమో తప్పదు. పాత జోడు ఎదురుగా ఉంటే అదే ఎత్తులో బిగించమని అడగొచ్చు.