ఉద్దానం నీళ్ల పరీక్షకు పది లక్షలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కవిటి, సోంపేట మండలాల్లో బావుల నీళ్లు ఊరూరా పరీక్షించి చూడాలని విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన ఒక కెమిస్ట్రీ మేడమ్ అనుకున్నారనుకుందాం. డబ్బెక్కడ దొరుకుతుంది?

పెద్ద గ్రాంట్లు లేకపోలేదు. అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ యువ పరిశోధకులకు మూడేళ్లకు రూ.60 లక్షల దాకా ఇస్తోంది. అయితే ఆ పోటీలో నెగ్గాలంటే ఎంతో కొంత ప్రాథమిక ఫలితం చేతిలో ఉంటే మేలు. ఆ ఫలితం రావాలంటే ముందు డబ్బుండాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టుంటుంది. ఈ ముడి విప్పడానికి ఇచ్చే తొలి సొమ్మే సీడ్ మనీ.

2022లో యూజీసీ కొత్త అధ్యాపకులకు ప్రకటించిన గ్రాంటు రెండేళ్లకు రూ.10 లక్షలు. దేశం మొత్తానికి 132 మందికి. అందరిదీ కలిపితే రూ.13.2 కోట్లు.

ఒక్కరి పది లక్షలు ఏపాటివో చూద్దాం. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు రూ.37,000. ఆ లెక్కన ఒక్క సహాయకుణ్ని 24 నెలలు పెట్టుకుంటే రూ.8.88 లక్షలు. మిగిలే రూ.1.12 లక్షల్లోంచే సీసాలు, రసాయనాలు, బండి బాడుగ. ఇంటి అద్దె భత్యం కూడా ఇవ్వాల్సి వస్తే అదీ నిలవదు. అందుకే ఇలాంటి పనులు చాలాసార్లు ఎమ్మెస్సీ పిల్లల చేతుల మీదుగానే నడుస్తాయి.

డబ్బు కంటే కాలం గురించి నాకు దిగులెక్కువ. నీటి నమూనాలు వేసవిలో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి తీయాలి. రెండేళ్లంటే రెండే వేసవులు. మంజూరు ఉత్తర్వు, కొటేషన్లు, కొనుగోలు కమిటీ అంటూ మొదటి ఆరు నెలలు కరిగిపోతే అందులో ఒకటి చేజారుతుంది. ఒక్క వేసవి లెక్కలతో ఏ ఊరి నీటి గురించీ నమ్మకంగా మాట్లాడలేం.

2020-21లో పరిశోధనపై దేశం పెట్టిన ఖర్చు సుమారు రూ.1.27 లక్షల కోట్లు, అంటే జీడీపీలో 0.64 శాతం. అందులో ఉన్నత విద్యారంగం వాటా 8.8 శాతమే, దాదాపు రూ.11,200 కోట్లు. రాష్ట్ర ప్రభుత్వాలది ఇంకా తక్కువ, 6.7 శాతం. మన పిల్లల్లో ఎక్కువమంది చదివేది రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, వాటికి అనుబంధంగా ఉన్న కాలేజీల్లో. అందుకే ఈ 6.7 నన్ను బాధపెట్టే అంకె.

విశ్వవిద్యాలయాలకు గ్రేడ్లిచ్చిన న్యాక్ మాన్యువల్లో సీడ్ మనీకి ఒక కొలమానం ఉంది: అధ్యాపకులకు ఏటా సగటున ఎన్ని లక్షలు ఇచ్చారు? అడగడం మంచిదే, ఆ ప్రశ్న లేకపోతే అసలివ్వని చోట్లుంటాయి. దాని పక్కన ఇంకో గడి కూడా ఉండాలి. ఖర్చు లెక్క చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇచ్చే రోజుకి, నమూనాలు తీసిన ప్రతి ఊరి పంచాయతీకీ ఏ బావి నీళ్లలో ఏముందో తెలుగులో రాసిచ్చారా, లేదా?