మీకు తెలుసా? ఆ సోకు అక్షరాలు లెక్కల కోసం పుట్టాయి!

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేర్లలో మెరిసే లావు, వాలు, అలంకార ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు ఫాంట్లు కావు, గణిత చిహ్నాలు! సమీకరణంలో మామూలు ‘హెచ్’కూ అలంకార ‘హెచ్’కూ అర్థం వేరు. అందుకే 2001లో కంప్యూటర్ అక్షరాల ప్రమాణమైన యూనికోడ్ 3.1 వీటిలో చాలావాటికి విడి సంఖ్యలిచ్చింది.

● ఆ చిహ్నాలతో ‘అనంతగిరి’ అని ఇంగ్లీషులో రాస్తే, వెతికినవారికి దొరకకపోవచ్చు. చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ తడబడవచ్చు.

● తెలుగు అక్షరాలకు ఇలాంటి రూపాలు యూనికోడ్‌లో లేవు. లావు అక్షరాలు కావాలంటే వాట్సాప్‌లో మాటకు రెండువైపులా నక్షత్రం గుర్తు పెట్టండి: అక్షరం మారకుండానే లావెక్కుతుంది.

● తెలుగుకు సొంత లెక్కల గుర్తులున్నాయి. పాతకాలపు పద్దుల్లోని 7 భిన్న చిహ్నాలు 2008లో యూనికోడ్ 5.1లో చేరాయి.