పదహారు గ్రాముల విమానం

సంక్రాంతి పోయాక జమ్మికుంటలో కరెంటు తీగల దిక్కు చూస్తే చిరిగిన పతంగులు వేలాడుతూ కనిపిస్తాయి. విమానానికి తాత ఆ పతంగే. 1804లో ఇంగ్లండులో జార్జ్ కేలీ పొడవాటి కర్రకు ముందువైపు ఒక పతంగిని కాస్త ఏటవాలుగా బిగించి, వెనక కొసకు కదిలే తోక పెట్టాడు. దారం కట్టలేదు. గుట్ట మీంచి వదిలితే గాలిలో జారుకుంటూ దిగింది. ముందు రెక్క, వెనక తోక, నడుమ ఒంటికర్ర. ఇవాళ మన నెత్తి మీంచి పోయే విమానాలదీ అదే ఆకారం.

అది జారగలదు కానీ తనంతట తాను ముందుకు పోలేదు. ఆ లోటు తీర్చింది రబ్బరు. పారిస్‌లో అల్ఫోన్స్ పేనో అనే యువకుడికి తుంటి జబ్బు వల్ల నౌకాదళంలో చేరే దారి మూసుకుపోయింది. అతడి మనసు గాలి మీదికి మళ్లింది. 1871 ఆగస్టు 18న, 21 ఏళ్ల వయసులో, తుయిలరీ తోటలో నలుగురి ముందు ఒక బొమ్మను వదిలాడు. రెక్కల నిడివి 45 సెంటీమీటర్లు, బరువు 16 గ్రాములు. మెలిపెట్టిన రబ్బరు విప్పుకుంటూ వెనకనున్న పంకాను తిప్పింది. 11 సెకన్లలో 40 మీటర్లు పోయింది.

అందరూ రబ్బరును మెచ్చుకుంటారు గానీ, నన్నడిగితే గొప్పతనం తోకలో ఉంది. పేనో తోకను రెక్క కన్నా కాస్త కిందికి వంచిన కోణంలో పెట్టాడు. అంటే గాలి ఆ తోకను కొంచెం అదిమి ఉంచుతుంది. ముక్కు వాలితే వేగం పెరుగుతుంది, తోక మీద ఒత్తిడీ పెరుగుతుంది, ముక్కు మళ్లీ లేస్తుంది. ముక్కు మరీ లేస్తే వేగం తగ్గి తోక పట్టు సడలుతుంది, ముక్కు దిగుతుంది. తరాజు ముల్లు ఊగి ఊగి నడిమికి వచ్చినట్టే. నడిపే మనిషి లేకుండానే విమానం తనను తాను సర్దుకుంది.

పేనో చేసిన మరో బొమ్మ నిట్టనిలువుగా పైకి లేచేది. ఆ రకం బొమ్మనే 1878లో అమెరికాలో ఒక తండ్రి తన కొడుకులకు తెచ్చిచ్చాడు. పెద్దవాడు విల్బర్‌కు 11, చిన్నవాడు ఆర్విల్‌కు 7. రైట్ సోదరులు దానికి గబ్బిలం అని పేరు పెట్టి, విరిగేదాకా ఎగరేశారు. తర్వాత అంతకన్నా పెద్దవి చేస్తే లేవలేదు. కొలత రెండింతలైతే ఎనిమిదింతల శక్తి కావాలని అప్పట్లో తమకు తెలియదని వాళ్లే తర్వాత రాసుకున్నారు. ఆ వైఫల్యం కూడా చదువే. పేనో మాత్రం ఇద్దరు కూర్చునే విమానానికి 1876లో పేటెంటు తీసుకున్నా, కట్టడానికి డబ్బు పుట్టక, 30 ఏళ్లకే 1880లో ప్రాణం తీసుకున్నాడు.

ఇలా బొమ్మ విమానాలు చేసి ఎగరేయడమే ఏరోమోడలింగ్. మన దగ్గర ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ పిల్లలకు అది శిక్షణలో భాగం. మిగతా పిల్లలకు వంటింటి బల్లే వర్క్‌షాప్. ఈ బొమ్మలకు వాడే తేలికైన ఈక్వెడార్ బాల్సా కర్ర లేదని దిగులు అక్కర్లేదు. పెళ్లి బాసింగాలు చేసే జీలుగుబెండు ఉంది, థర్మాకోల్ షీటు ఉంది, వెదురుబద్ద ఉంది. బొమ్మ తయారయ్యాక, రెక్క ముందంచు నుంచి వెడల్పులో మూడో వంతు దగ్గర రెండువైపులా వేళ్లతో ఎత్తిపట్టండి. తోక వాలితే ముక్కుకు కాస్త బంకమట్టి అద్దండి. విసిరాక పైకి లేచి ఆగి పడిపోతే ఇంకొంచెం మట్టి, నేరుగా నేలను పొడిస్తే కొంచెం తీసెయ్యండి. సగం ఏరోనాటిక్స్ ఇంతే.

ఇక జాగ్రత్తల సంగతి. పిల్లలకు భయపెట్టి చెబితే ఎక్కదు, ఎందుకో చెబితే ఎక్కుతుంది. కట్టర్ మొద్దుబారితే గట్టిగా నొక్కుతాం, అప్పుడే జారి వేలు తెగుతుంది. అందుకే కొత్త బ్లేడు, కింద మందపాటి అట్ట, స్టీలు స్కేలు. వేళ్లు స్కేలుకు అవతలే ఉండాలి.

క్షణంలో అంటుకునే సూపర్ గ్లూ విషయం మన పత్తి ఊరికి ప్రత్యేకంగా చెప్పాలి. ఒలికిన జిగురును నేనోసారి దూదితో తుడవబోయాను. దూది చురుక్కుమని కాలింది, పొగ లేచింది. ఈ జిగురు తేమ తగిలితే గట్టిపడుతుంది, గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. దూదిలో వేలాది సన్నని పోగులు; అన్నిటి మీదా ఒక్కసారే గట్టిపడి వేడి కుప్పపోస్తుంది. నూలు గ్లౌజులు వేసుకుని ఈ జిగురు ముట్టడం ఉత్త చేతులతో ముట్టడం కన్నా ప్రమాదం. వేళ్లు అంటుకుపోతే లాగొద్దు, గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టాలి. పైగా ఇది థర్మాకోల్‌ను కరిగించేస్తుంది. దానికి తెల్లటి ఫెవికాలే మేలు.

మోటారు, బ్యాటరీ తొందరగా కొనివ్వొద్దని నా మాట. అయిదంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 10 వేల సార్లు తిరిగితే దాని కొస గంటకు 240 కిలోమీటర్ల వేగంతో పోతుంది. లిథియం బ్యాటరీ ఉబ్బితే మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు, ఛార్జింగ్ పెట్టి నిద్రపోకూడదు. రబ్బరు బ్యాండుకు ఈ గొడవలేవీ లేవు. తెగితే చురుక్కుమంటుంది, అంతే. కళ్లకు అద్దాలుంటే చాలు.

జమ్మికుంట మీంచి పోయే కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పైతీగలో 25 వేల వోల్టులు ఉంటాయి. విమానం అక్కడ చిక్కుకుంటే దానికి దండం పెట్టి ఇంటికి రావాలి, కర్రతో తీయబోవద్దు. ఎగరేయడానికి పట్టాలకూ తీగలకూ దూరంగా వరి కోసిన మడి చూసుకోండి, గాలి సద్దుమణిగిన సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లండి. ఎంత దూరం పోయిందో వాళ్లనే అడుగులేసి కొలవనివ్వండి. 1903 డిసెంబర్ 17న రైట్ సోదరుల మొదటి విమానం పోయింది 120 అడుగులే.