బ్యాండు వేయించుకున్నారు సరే, బిగించేదెవరు?

బరువు తగ్గే ఆపరేషన్‌కి పల్నాడు నుంచి పెద్ద ఊళ్లకు వెళ్లొచ్చినవాళ్లు కొందరు, వెళ్లాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు ఇంకొందరు. ఖర్చెంత, ఎన్ని కిలోలు తగ్గుతాం అని అందరూ అడుగుతారు. ఎవరూ పెద్దగా అడగని ప్రశ్న ఇంకొకటుంది.

బ్యాండ్ బిగించే సూది దిగేటప్పుడు పెద్ద నొప్పేమీ ఉండదు. బల్లమీద పడుకోబెట్టి, పొట్ట మీద వేళ్లతో తడుముతూ చర్మం కింద ఉన్న పోర్టు కోసం డాక్టరు వెతుకుతారు. పది రూపాయల బిళ్లంత ఉంటుందది. చేతికి దొరక్కపోతే ఎక్స్‌రే తెర మీద చూస్తూ గుచ్చుతారు. మామూలు సూది పనికిరాదు, పోర్టు మీది సిలికాన్ పొర చిల్లులు పడిపోతుంది. దానికోసమే తయారైన సూది కావాలి. అందులోంచి ఒకటో రెండో మిల్లీలీటర్ల సెలైన్ పంపిస్తారు. అది సన్నటి గొట్టం వెంట వెళ్లి, జీర్ణాశయం పైభాగాన చుట్టి ఉన్న పట్టీని లోపలివైపు ఉబ్బిస్తుంది. దారి ఇరుకవుతుంది. అప్పుడు లేపి కూర్చోబెట్టి గ్లాసుడు నీళ్లు తాగమంటారు. సాఫీగా దిగితే ఇంటికి పంపిస్తారు. గుండెల మధ్య ఆగి వెనక్కి తన్నితే మళ్లీ పడుకోబెట్టి, ఎక్కించిన దాంట్లోంచే కాస్త లాగేస్తారు.

గ్యాస్ట్రిక్ బ్యాండ్ వేయించుకున్నవాళ్లు ‘టైట్ చేయించుకోవడం’ అనేది దీన్నే. ఆపరేషన్ అయిన ఆరు వారాలకు మొదటిసారి, ఆ తర్వాత మొదటి ఏడాదంతా అవసరాన్ని బట్టి నెలకో నెలన్నరకో ఒకసారి. ఎక్కువ బిగిస్తే వాంతులు, తక్కువైతే ఎప్పటి ఆకలే. పని పది నిమిషాలది. మాచర్ల నుంచి హైదరాబాద్ వెళ్లి ఆ పది నిమిషాల పని చేయించుకుని రావాలంటే రోజంతా పోతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బ్యాండ్ చెడ్డ ఆపరేషన్ కాదుగానీ, పల్నాడులో ఉండేవాళ్లకు నప్పే ఆపరేషన్ కాదు. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

బిగించడానికీ వదులు చేయడానికీ వీలున్న సిలికాన్ బ్యాండ్‌ను 1986లో అమెరికాలో వాడుకలోకి తెచ్చింది ఉక్రెయిన్ మూలాలున్న సర్జన్ లుబోమిర్ కుజ్మాక్. 1993లో బెల్జియంలో మితికు బెలాచ్యూ దాన్ని పొట్ట కోయకుండా లాపరోస్కోపీతో అమర్చారు. 2001లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతిచ్చింది. కోత లేదు, కుట్టు లేదు, వద్దనుకుంటే తీసేయొచ్చు అన్న మాటకు జనం పడిపోయారు. 2008 నాటికి ప్రపంచమంతటా జరిగిన బరువు ఆపరేషన్లలో 42 శాతం బ్యాండ్‌లే. అయిదేళ్లు తిరిగేసరికి, 2013లో అది 10 శాతానికి పడిపోయింది. జీర్ణాశయంలో ముప్పాతిక భాగం దాకా కోసి తీసేసే స్లీవ్ ఆ స్థానంలోకి వచ్చింది.

ఎందుకు పడిపోయిందో బ్రస్సెల్స్ వైద్యులు 2011లో వెల్లడించిన లెక్కల్లో కనిపిస్తుంది. బ్యాండ్ వేయించుకుని పన్నెండేళ్లు దాటిన 82 మందిని పిలిచి చూస్తే, 60 శాతం మందికి మళ్లీ ఆపరేషన్ జరిగింది. దాదాపు సగం మంది బ్యాండ్ తీయించేసుకున్నారు. సుమారు ముగ్గురిలో ఒకరికి అది జీర్ణాశయం గోడను తొలుచుకుని లోపలికి వెళ్లింది. రెండేళ్ల తర్వాత మెల్‌బోర్న్ నుంచి పాల్ ఓబ్రియన్ బృందం వేరే మాట చెప్పింది. 3,227 మంది రోగులు, పదిహేనేళ్ల అనుభవం. అదనపు బరువులో 47 శాతం తగ్గి అలాగే నిలిచిందని. వాళ్ల దగ్గరా మరమ్మతులు తక్కువేం కాదు. పట్టీ పైనున్న జీర్ణాశయపు సంచి సాగిపోయి 26 శాతం మందికి, పోర్టూ గొట్టమూ చెడి 21 శాతం మందికి మళ్లీ చేయాల్సి వచ్చింది. కానీ తొలిచేయడం 3.4 శాతంలోనే కనిపించింది.

ఒకే రకం వస్తువుతో ఇంత తేడా ఎలా వచ్చింది? చేసిన చేతులు వేరు, వాడిన పద్ధతులు వేరు. అయితే మెల్‌బోర్న్‌వాళ్లు తమ రోగులను ఏళ్ల తరబడి పట్టు వదలకుండా పిలిపించుకుంటూనే ఉన్నారు. న్యూయార్క్ వైద్యులు 2004లోనే ఈ చెకప్‌ల సంగతి విడిగా తూచి చూశారు. మొదటి ఏడాదిలో ఆరుసార్ల కంటే ఎక్కువ వచ్చిన బ్యాండ్ రోగులు అదనపు బరువులో 50 శాతం తగ్గారు, అంతకంటే తక్కువ వచ్చినవాళ్లు 42 శాతం. గ్యాస్ట్రిక్ బైపాస్ అనే మరో రకం బరువు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో ఎన్నిసార్లు వచ్చారన్నది బరువు మీద తేడా చూపలేదు. కాబట్టి బ్యాండ్ విషయంలో ఆసుపత్రికి ఎంత దూరాన ఉన్నామన్నది కూడా వైద్యంలో భాగమే.

ఇప్పుడు గురజాలలో ఒక ఇల్లాలిని ఊహించుకోండి. పొద్దున్నే రైలో బస్సో పట్టుకుని, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా గుంటూరు చేరి, అక్కడ కాదంటే విజయవాడ వెళ్లాలి. మిరప కోతల రోజులైతే ఇంట్లో మనిషి తోడు రావడం కుదరదు. మొదటి రెండుసార్లు వెళుతుంది. మూడోసారి పిల్లాడి పరీక్షలు, నాలుగోసారి కూలీల లెక్కలు. ‘బాగానే ఉన్నాగా, ఎందుకులే’ అనిపిస్తుంది. నిజానికి చెకప్ మానేసినవాళ్లలో బద్ధకస్తులు తక్కువ, తీరిక లేనివాళ్లే ఎక్కువ.

తిండి సంగతికి వస్తే, శ్రీనాథుడి పేరున తిరిగే చాటువులు పల్నాటి జొన్నకూటిని ఎంత వెక్కిరించాయో తెలుగు చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఈ నేల కంచంలోకి వరన్నం దండిగా వచ్చింది. లావెక్కడానికి ఒక్క అన్నాన్నే నిందించడం సబబు కాదుగానీ, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది స్త్రీలు, 31 మంది పురుషులు అధిక బరువో స్థూలకాయమో ఉన్నవాళ్లు. బ్యాండ్ ఉన్న కడుపుతో అసలు పేచీ పెట్టుకునేదీ ఈ అన్నమే. పొడిపొడిగా ఉన్న అన్నం, మెత్తని రొట్టె, పీచు తేలిన మాంసం ముక్క సరిగా నమలకుండా మింగితే పట్టీ దగ్గర ఆగిపోతాయి. గుండెల మీద బండ పెట్టినట్టుంటుంది, నోట్లో నీళ్లూరతాయి, చివరికి మింగింది మింగినట్టే పైకొచ్చేస్తుంది. ఐస్‌క్రీము, కూల్‌డ్రింకు, మిఠాయి పాకం మాత్రం హాయిగా జారిపోతాయి. నాలుగైదుసార్లు వాంతయ్యాక మనిషి తనకు తెలియకుండానే వీటివైపు మళ్లుతుంది, తూకం మళ్లీ పెరుగుతుంది. డాక్టరు తిడతాడేమోనని చెకప్‌కి వెళ్లడం మానేస్తుంది.

ఇక పెళ్లి భోజనాలు. ‘ఏంటి వదినా, పిట్ట తిన్నట్టు తింటున్నావు, ఇంకో ముద్ద కలుపుకో’ అని పక్కనున్నవాళ్లు గోంగూర వడ్డిస్తారు. ఆపరేషన్ సంగతి చెబితే ‘కడుపు కోయించుకుందంట’ అని ఊరంతా చాటింపు. అందుకే చాలామంది ‘గ్యాస్ ట్రబుల్’ అనేసి ఊరుకుంటారు. నన్నడిగితే ఈ దాపరికం బంధువుల దగ్గర ఉంటే ఉండనీ. వైద్యం చేసేవాళ్ల దగ్గర మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

ఆపరేషన్ ఏదైనా, బ్యాండైనా స్లీవైనా బైపాసైనా, వాంతులు రోజుల తరబడి ఆగకపోతే ఒంట్లో విటమిన్ బి1 అడుగంటుతుంది. మన దగ్గర వాంతులంటే వెంటనే చేసే వైద్యం ఊళ్లోనే గ్లూకోజ్ సీసా ఎక్కించడం. బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, మతి తప్పడం దాని లక్షణాలు. సీసా పెట్టే ఆర్‌ఎంపీకి బరువు ఆపరేషన్ మాట చెప్పి తీరాలి. మోకాళ్ల నొప్పులకు అలవాటుగా వేయించుకునే డైక్లోఫెనాక్ లాంటి సూదులూ అంతే. బైపాస్ అయినవాళ్లకు అవి పుండ్లు తెచ్చిపెడతాయి.

స్లీవ్‌లో బిగించే పనిలేదు, అందుకే దూరాన ఉండేవాళ్లకు అది కొంత మేలు. కానీ చెకప్‌ల బెడద తప్పిందనుకుంటే పొరపాటు. బి12, ఐరన్, విటమిన్ డి బిళ్లలూ ఏటా రక్త పరీక్షలూ జీవితాంతం ఉంటాయి. వీటికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, పరీక్షలు నరసరావుపేటలోనే చేయించి రిపోర్టు ఫోన్‌లో పంపొచ్చు. రెంటచింతల ఎండల్లో మాత్రం స్లీవ్ మనిషికి మరో చిక్కుంది. చెంబెడు నీళ్లు గటగటా తాగే వీలుండదు, రోజంతా గుక్కగుక్కగా పట్టించాలి. కారం నషాళానికంటినా అన్నం మధ్యలో నీళ్లు తాగొద్దంటారు. పల్నాటి కూర తినేవాళ్లకు ఇది ఎంత శిక్షో వేరే చెప్పాలా!

నితిన్ గడ్కరీ 2011లో, అరుణ్ జైట్లీ 2014లో బరువు ఆపరేషన్లు చేయించుకున్నారు. జైట్లీ ఆపరేషన్ తర్వాత ఇబ్బంది తలెత్తి మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. ఢిల్లీలో ఉన్న మంత్రికి ఎయిమ్స్ కూతవేటు దూరం. మనవాళ్లకేమో బరువు ఆపరేషన్ అనగానే 2015లో చనిపోయిన నటి ఆర్తి అగర్వాల్ గుర్తొస్తారు. ఆమె చేయించుకున్నట్టు వార్తల్లో వచ్చింది లైపోసక్షన్, చర్మం కింది కొవ్వు లాగేయడం. దానికీ దీనికీ పొంతన లేదు.

డబ్బు విషయంలో ఒక మెలిక ఉంది. బీమా నియంత్రణ సంస్థ పాలసీలకు పెట్టిన నియమం ప్రకారం శరీర బరువు సూచీ (బీఎంఐ) కనీసం 40 ఉండాలి, లేదా కనీసం 35 ఉండి తీవ్రమైన గుండెజబ్బో, అదుపులేని షుగరో, నిద్రలో ఊపిరాగే జబ్బో ఉండాలి. అయిదడుగుల ఒక అంగుళం ఉన్న స్త్రీకి 40 అంటే సుమారు 96 కిలోలు, 35 అంటే 84. వైద్య సంఘాలు 2022లో సవరించిన సూచనలు ఆసియావాళ్లకు 27.5 నుంచే ఆపరేషన్ ఆలోచించవచ్చంటున్నాయి. అంటే 80 కిలోలుండి షుగరు వదలని మనిషికి డాక్టరు సరేనన్నా బీమా కాదనవచ్చు. 2025లో మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన మార్కెట్లోకి వచ్చాక కొందరు ఆపరేషన్ మాట వాయిదా వేసుకుంటున్నారు. అవి ఆపేస్తే పోయిన బరువులో చాలా భాగం తిరిగొస్తుందన్నది వాళ్లకు ఎవరైనా చెప్పాలి.

ఇప్పటికే బ్యాండ్ ఉన్నవాళ్లు ఏ కంపెనీది, ఏ సైజు, లోపల ఎన్ని మిల్లీలీటర్లు ఉన్నాయి అన్న కాగితం పదిలం చేసుకోవాలి. ల్యాప్‌బ్యాండ్ అనే పేరున్న సరుకే 2013లో అలర్గాన్ నుంచి అపోలో ఎండోసర్జరీకి (మన అపోలో ఆసుపత్రులతో సంబంధం లేదు), 2018లో రీషేప్ లైఫ్‌సైన్సెస్‌కి చేతులు మారింది. వేసిన సర్జన్ ఊరు మారి ఉండవచ్చు. గర్భం వస్తే, మరో పెద్ద ఆపరేషన్ పడితే దాన్ని వదులు చేయాల్సి రావచ్చు. మంచినీళ్లు కూడా దిగకుండా వెనక్కొస్తుంటే పట్టీ జారిందేమోనని అనుమానించి అదేరోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి, తెల్లారాక చూద్దామని ఆగకూడదు.

కొత్తగా ఆపరేషన్‌కి సిద్ధపడేవాళ్లు డబ్బు కట్టేముందే ఆసుపత్రివాళ్లను అడగండి. రాత్రి పదింటికి మాచర్లలో వాంతులు మొదలైతే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఎత్తేదెవరు, గుంటూరులోనో నరసరావుపేటలోనో మా కేసు తెలిసిన డాక్టరు ఎవరున్నారు అని. పేరూ నంబరూ డిశ్చార్జి కాగితం మీదే రాయించుకోండి.