చిన్నాయన పూత ఎందుకు తెంపాడు?

మే నెల సెలవుల్లో గద్వాల నుంచి పెబ్బేరు దగ్గర మా చిన్నాయన తోటకు పోయాను. ఆయన నిండా పూత మీదున్న జామకొమ్మల్ని కత్తెరతో కత్తిరిస్తున్నాడు. తెల్లటి పూలన్నీ నేల మీద పడి ఉన్నాయి.

"చిన్నాయనా, పంట నువ్వే పాడు చేసుకుంటున్నవ్ కదా?"

"ఇది పంట కాదురా, ఈగల తిండి."

నాకు అర్థం కాలేదు. ఇంగ్లీష్ మీడియంలో బాటనీ చదివి జామ మిర్టేసీ కుటుంబం అని రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. మన నేరేడు, లవంగం కూడా దాని చుట్టాలే అని మాత్రం ఏ టీచరూ చెప్పలేదు. యూకలిప్టస్‌ను మనవాళ్ళు జామాయిల్ అంటారు కదా, అదీ ఈ కుటుంబమే. జామాకు నలిపి వాసన చూడండి, ఆకులో నూనె ఉందని తెలిసిపోతుంది. ఇంత మన చెట్టులా కనిపించే జామ నిజానికి అమెరికా ఉష్ణప్రాంతాలది. పోర్చుగీసువాళ్ళతో మన దేశానికి వచ్చిందని చెబుతారు.

సరే, పూత సంగతి. మామిడి ముదిరిన కొమ్మ చివర పూస్తుంది. జామ అలా కాదు, కొత్తగా వచ్చిన చిగురు మీద, ఆకు మొదట్లో పూస్తుంది. అంటే చిగురు ఎప్పుడు వస్తే పూత అప్పుడు. అందుకే జామ ఏడాదికి ఒక్కసారి కాకుండా రెండు మూడు సార్లు పూస్తుంది. ఎండాకాలం మొదట్లో పూసింది వానల్లో కాయ అవుతుంది. జూన్, జూలైలో పూసింది చలికాలంలో కోతకొస్తుంది. అక్టోబర్‌లో పూసింది ఎండాకాలానికి. పూత నుంచి పండు దాకా నాలుగైదు నెలలు పడుతుంది.

ఈ మూడింట్లో వానాకాలం కాయ దండగ. చప్పగా, నీళ్ళుగా ఉంటుంది, పైగా పండు ఈగ. ఆడ ఈగ కాయ తోలు కింద గుడ్లు పెడుతుంది. పైకి ఏమీ తెలీదు, కోస్తే లోపల పురుగులు. ఆ పురుగులు రాలిన కాయలోంచి మట్టిలోకి దిగి, అక్కడ కోశంగా మారి, మళ్ళీ ఈగలై పైకొస్తాయి. అందుకే రాలిన కాయల్ని ఏరి లోతుగా పూడ్చాలి. మిథైల్ యూజినాల్ బుట్టలు కడతారు గానీ వాటికి మగ ఈగలే వస్తాయి, కాబట్టి ఒక్క బుట్టతో పని కాదు. నిమ్మకాయంత కాయలప్పుడు ఫోమ్ వల, దాని మీద కవరు తొడిగితే మాత్రం ఈగకు దారి ఉండదు. కాకపోతే ఒక్కో కాయకూ చెయ్యి పెట్టాలి, కూలీ ఖర్చు.

చలికాలం కాయ వేరు. తియ్యదనం ఎక్కువ, గట్టిగా ఉంటుంది, ఈగ బెడద తక్కువ. అందుకే ఎండల్లో కొన్నాళ్ళు నీళ్ళు ఆపి, మేలో పూతతో సహా కొమ్మల చివర్లు కత్తిరించి, తర్వాత ఎరువేసి నీళ్ళు పెడతారు. నెలలోపు కొత్త చిగుర్లు, వాటి మీద పూత. మేము క్లాసులో ప్రూనింగ్ అంటే సెర్చ్ ట్రీలో పనికిరాని కొమ్మ వదిలెయ్యడం అని చదివాం. చిన్నాయనది పనికొచ్చే కొమ్మ కూడా. అదే కష్టం.

ఎందుకంటే ఆ పూత తెంపితే జూలై నుంచి నవంబర్ దాకా ఇంట్లోకి రూపాయి రాదు. పోయినేడు వానల్లో కాయ కొనేవాడు లేక గంపలు గంపలు గుంటలో పోశారు. అయినా మా చిన్నమ్మ ఒప్పుకోలేదు. "ఆ నాలుగు నెలలు పిల్లల ఫీజు నీ చలికాలం కడ్తదా?" అంది. ఆమె పుట్టిల్లు నాగర్‌కర్నూల్ వైపు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు రాకముందు వాన మీదే బతికిన ఇల్లు, చేతికొచ్చింది వదలడం ఆమెకు నచ్చదు. చివరికి సగం తోట కత్తిరించారు, సగం వదిలేశారు. నేను దాన్ని ఏ/బీ టెస్టింగ్ అన్నాను. చిన్నాయన దాన్ని భయం అన్నాడు.

జామ వేద్దామనుకునే మిత్రులకు ఒక మాట. గింజ నాటితే తల్లి లాంటి చెట్టు రాదు, అంటుమొక్కే కొనాలి. అలహాబాద్ సఫేదా, లక్నో-49 పాత నమ్మకస్తులు, ఇప్పుడు తైవాన్ పింక్ ఎక్కువ కనిపిస్తోంది. ఆరు మీటర్ల దూరంలో పెడితే ఎకరాకు 110 చెట్లు పడతాయి. మూడు మీటర్లు, రెండు మీటర్ల లెక్కన ఒత్తుగా పెడితే 670 దాకా పడతాయి, అయితే కత్తెర కింద పెట్టడానికి ఉండదు. జామ ఎర్రనేలా నల్లరేగడీ రెండూ ఓర్చుకుంటుంది. మా నడిగడ్డ నల్లరేగట్లో వేస్తే మాత్రం మొదలు దగ్గర నీళ్ళు నిలవనివ్వొద్దు. వనపర్తి జిల్లా మోజెర్లలోనే ఉద్యాన కళాశాల ఉంది, యూట్యూబ్ కంటే ముందు అక్కడ అడగొచ్చు.

డిసెంబర్‌లో మళ్ళీ పోయాను. వదిలేసిన సగంలో వచ్చిన కాయ ఒక ఫీజు కట్టింది, మిగతాది ఈగలకే పోయింది. కత్తిరించిన సగంలో కవర్లలో కాయలు వేలాడుతున్నాయి. చిన్నమ్మ ఒకటి కోసి, ఉప్పు కారం లేకుండానే నా చేతిలో పెట్టి, "సోమవారం బేరగాడొస్తడు, ఎక్కువ తినకు" అంది.