మోటారు సైకిల్ కార్బ్యురేటర్ విప్పడం, బిగించడం

కార్బ్యురేటర్ అనేది పెట్రోలును గాలితో తగిన పాళ్ళలో కలిపి ఇంజనుకు అందించే పరికరం. భారతదేశంలో 2020కి ముందు తయారైన మోటారు సైకిళ్ళలో అత్యధిక భాగం దీనిపై ఆధారపడినవే. కొద్దిపాటి పనిముట్లతో దీనిని ఇంటి వద్దనే విప్పి, శుభ్రపరచి, తిరిగి బిగించవచ్చు. అయితే బండి మొరాయించిన ప్రతిసారీ దీనిని విప్పవలసిన అవసరం లేదు. విప్పడం కంటె సరిగా బిగించడమే ఎక్కువ శ్రద్ధ కోరే పని.

పనిచేసే విధానం

ఇంజను పీల్చుకునే గాలి కార్బ్యురేటర్ మధ్యలోని సన్నని గొంతు గుండా వేగంగా పోతుంది. అక్కడ పీడనం తగ్గడం వలన అడుగున ఉన్న గిన్నెలోని పెట్రోలు సన్నని రంధ్రాల ద్వారా పైకి లేచి, తుంపరగా గాలిలో కలుస్తుంది. ఈ సూత్రాన్ని వివరించిన ఇటలీ శాస్త్రవేత్త వెంచురి పేరుతోనే ఆ గొంతును వెంచురి అని పిలుస్తారు. ఒక భాగం పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో సుమారు 14.7 భాగాల గాలి కావాలి.

ముఖ్య భాగాలు:
* ఫ్లోట్ గిన్నె - పెట్రోలు నిలువ ఉండే చోటు. ఇందులో తేలే ఫ్లోట్ ఒక సూది వాల్వును మూస్తూ, తెరుస్తూ పెట్రోలు మట్టాన్ని నిలుపుతుంది.
* పైలట్ జెట్ - బండి నిలిచి ఉండి ఇంజను తిరిగేటప్పుడు పెట్రోలు అందిస్తుంది. దీని రంధ్రం చాలా సన్నది.
* మెయిన్ జెట్ - వేగంగా నడిపేటప్పుడు పెట్రోలు అందిస్తుంది.
* థ్రాటిల్ స్లైడ్ - యాక్సిలరేటర్ తిప్పినపుడు పైకి లేచి గాలి దారిని తెరిచే భాగం. దీని మధ్యలో ఒక సూది వేలాడుతూ ఉంటుంది.
* చోక్ - చల్లని ఇంజను మొదలు కావడానికి మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచుతుంది.

పెట్రోలును తుంపరగా చల్లే కార్బ్యురేటర్‌కు 1893లో హంగరీకి చెందిన దోనాత్ బాంకి, యానోష్ చోంకా పేటెంటు పొందారు. దాదాపు అదే కాలంలో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ కూడా ఇటువంటి పరికరాన్ని రూపొందించాడు.

కోనసీమలో ప్రాధాన్యం

గోదావరి పాయలు, పంట కాలువల నడుమ ఉన్న కోనసీమలో గాలిలో తేమ ఎక్కువ. మామిడికుదురు మండలంలోని అప్పనపల్లి వైనతేయ పాయ ఒడ్డున ఉన్న గ్రామం. బాల బాలాజీ ఆలయం వలన ఇది ప్రసిద్ధి చెందింది. గోదావరికి వరద వచ్చినపుడు ఇక్కడి కాజ్‌వే నీట మునుగుతుంది. 2022 జులై వరదలో ధవళేశ్వరం ఆనకట్ట వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అటువంటి సమయాల్లో పల్లపు ప్రాంతాల్లో ఉన్న వాహనాల ఇంధన వ్యవస్థలోకి నీరు చేరే ప్రమాదం ఉంది.

పెట్రోలులో కలిపే ఇథనాల్ కూడా తేమను పీల్చుకుంటుంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు అమ్మకం దేశంలో 2023లో మొదలైంది. పెట్రోలులో నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి వేరు పొరగా అడుగుకు దిగుతాయి. కార్బ్యురేటర్ పెట్రోలును తీసుకునేది కూడా గిన్నె అడుగు నుండే కాబట్టి కొద్దిపాటి నీరే బండిని ఆపివేయగలదు.

విప్పే ముందు

మొదట ట్యాంకులో పెట్రోలు, ప్లగ్ వద్ద నిప్పురవ్వ, ఎయిర్ ఫిల్టర్ శుభ్రత చూడాలి. ఇవి సరిగా ఉంటే పెట్రోల్ ట్యాప్ కట్టి, గిన్నె అడుగునున్న డ్రెయిన్ స్క్రూను వదులు చేసి, వచ్చే పెట్రోలును గాజు సీసాలో పట్టాలి. నీరు ఉంటే అడుగున వేరుగా తేరుకుంటుంది. చాలా సందర్భాల్లో ఇంతటితోనే బండి బాగవుతుంది. నీరు మరల మరల వస్తూ ఉంటే ట్యాంకును శుభ్రపరచాలి.

చోక్ తీసిన వెంటనే ఇంజను ఆగిపోవడం, పెట్రోలు పొంగి బయటకు కారడం, వేగం అందుకోలేకపోవడం వంటి లక్షణాలు ఇంకా కొనసాగితే అప్పుడు కార్బ్యురేటర్ విప్పవచ్చు.

జాగ్రత్తలు

పెట్రోలు ఆవిరి గాలి కంటె బరువైనది. అది నేల వెంబడి పాకి, దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకోగలదు. అందువలన ఈ పనిని వంట పొయ్యి, దీపం, తాటాకు పాక వంటి వాటికి దూరంగా, ఆరుబయట, ఇంజను చల్లారిన తరువాతనే చేయాలి. పెట్రోలును నోటితో పీల్చరాదు. తీసిన పెట్రోలును కాలువలో గాని, దొడ్లో గాని పారబోయరాదు.

విప్పే క్రమం

1. కార్బ్యురేటర్ వెలుపలి మట్టిని తుడవాలి. గొట్టాల అమరికను ఫోటో తీసుకోవడం మంచిది.
2. ట్యాప్ కట్టి, గిన్నెను ఖాళీ చేసి, పెట్రోలు గొట్టాన్ని ఊడదీయాలి.
3. ఎయిర్ ఫిల్టర్ వైపు క్లాంపును వదులు చేయాలి.
4. ఇంజను వైపు బోల్టులను విప్పాలి. 100 సీసీ బండ్లలో సాధారణంగా రెండు బోల్టులు ఉంటాయి.
5. పై మూతను తిప్పి, స్లైడును కేబులుతో సహా మెల్లగా పైకి తీయాలి. సూది వంగకుండా చూడాలి.
6. ఇంజను రంధ్రాన్ని శుభ్రమైన గుడ్డతో మూయాలి.

పెద్ద ఇంజన్ల కార్బ్యురేటర్లు కొన్నింటిలో స్లైడు పైన పలుచని రబ్బరు పొర ఉంటుంది. దానికి క్లీనరు ద్రవం తగలరాదు.

శుభ్రపరచడం

గిన్నెను విప్పి, ఫ్లోట్, సూది వాల్వు, జెట్లను తీసి వరుసగా పెట్టుకోవాలి. మిశ్రమం స్క్రూను తీసే ముందు మెల్లగా లోపలికి తిప్పి, ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకోవాలి. జెట్లను క్లీనరు ద్రవంతో కడిగి, గాలితో ఊదాలి. పంక్చరు దుకాణంలోని గాలి ఇందుకు సరిపోతుంది. రంధ్రాల్లో పిన్నీసు, ఇనుప తీగ పెట్టరాదు. ఇత్తడి మెత్తని లోహం కావడం వలన రంధ్రం పెద్దదై, బండి ఎక్కువ పెట్రోలు తాగుతుంది. గట్టిపడిన, ఉబ్బిన రబ్బరు రింగులను మార్చాలి.

తిరిగి బిగించడం

జెట్లను చేతికి ఆగినంత వరకు తిప్పి, ఆపై కొద్దిగా మాత్రమే బిగించాలి. మిశ్రమం స్క్రూను రాసుకున్న చుట్ల ప్రకారం ఉంచాలి. స్లైడు పక్కనున్న గాడి లోపలి పిన్నుపై కూర్చోవాలి. స్లైడు అడుగున కోసినట్లుండే వైపు ఎయిర్ ఫిల్టర్ దిశగా ఉండాలి. ఇంజను రంధ్రంలోని గుడ్డను మరచిపోకుండా తీసివేయాలి. ఇంజను వైపు రబ్బరు రింగు దాని గాడిలో ఉన్నదో లేదో చూసి, రెండు బోల్టులను ఒకదాని తరువాత ఒకటిగా కొద్దికొద్దిగా బిగించాలి. ఒకే వైపు గట్టిగా బిగిస్తే అంచు వంగి సందు ఏర్పడుతుంది. ఆ సందు గుండా గాలి చొరబడితే ఇంజను వేడెక్కుతుంది.

ఇంజను మొదలుపెట్టే ముందు యాక్సిలరేటరును పూర్తిగా తిప్పి వదలాలి. స్లైడు టక్కున కిందికి పడాలి. అది ఇరుక్కున్న బండి నడిపేవారి అదుపు తప్పుతుంది కనుక ఈ పరీక్షను మానరాదు. తరువాత ట్యాప్ తెరిచి కొన్ని నిమిషాలు ఆగి, పెట్రోలు కారడం లేదని నిర్ధారించుకోవాలి. ఇంజను తిరుగుతుండగా హ్యాండిలును రెండు వైపులా చివరి వరకు తిప్పి చూడాలి. వేగం మారితే కేబులు లాగుతున్నదని అర్థం.

వరదలో మునిగిన బండి

నీట మునిగిన బండిని వెంటనే కిక్ కొట్టడం గాని, సెల్ఫ్ నొక్కడం గాని చేయరాదు. నీరు గాలివలె అణగదు కాబట్టి సిలిండరులో నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ముందు బ్యాటరీ తీగ తొలగించి, ప్లగ్ తీసి, కిక్‌ను మెల్లగా చేతితో నొక్కుతూ నీటిని బయటకు పంపాలి. ఇంజను ఆయిలు పాలవలె తెల్లబడితే దానిలో నీరు కలిసినట్లే. ఆయిలు, ట్యాంకులోని పెట్రోలు మార్చి, ఎయిర్ ఫిల్టరు, కార్బ్యురేటర్ శుభ్రపరచిన తరువాతనే ఇంజను మొదలుపెట్టాలి.

ప్రస్తుత స్థితి

2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి రావడంతో కొత్త మోటారు సైకిళ్ళలో చాలావరకు కార్బ్యురేటర్ స్థానాన్ని ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించింది. పై పద్ధతులు ఇంజెక్షన్ బండ్లకు వర్తించవు. వాటిలో పెట్రోలు గొట్టాల్లో పీడనం ఉంటుంది కనుక ఇంటి వద్ద విప్పడం ప్రమాదకరం. అంతకు ముందు తయారై రోడ్లపై తిరుగుతున్న బండ్లలో చాలావాటికి మాత్రం కార్బ్యురేటరే ఆధారం.