పెరుగుట మానని వానప్రస్థము

వానప్రస్థమనగా ఊరు విడిచి అడవికి పోవుట యని మన పెద్దలు చెప్పిరి. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్ర మధ్యభాగమున వానప్రస్థులే వచ్చి బీడును ఊరుగా మార్చినారు. ఒకనాడు పశువుల బీళ్లును పుచ్చతోటలును ఉండిన ఆ నేలపై ఇప్పుడు లక్షకు మించిన జనము కాపురమున్నది. వారిలో అత్యధికులు 55 ఏండ్లు దాటినవారు. ఆ ఊరి పేరు ‘ది విలేజెస్’, అనగా ‘పల్లెలు’. పేరునకు పల్లెలే గాని, విస్తీర్ణములో న్యూయార్కు నగరపు మన్‌హాటన్ దీవి కూడ దానిముందు చిన్నదే.

2010 నుండి 2020 వరకు గడచిన దశాబ్దములో అమెరికా మహానగర ప్రాంతములన్నిటిలోను అతివేగముగా పెరిగినది ఇదియే. అక్కడి జనాభా లెక్కల ప్రకారము ఈ ప్రాంతపు జనసంఖ్య సుమారు 93 వేల నుండి సుమారు 1 లక్షా 30 వేలకు చేరినది. నూటికి 39 వంతున పెరిగినదన్నమాట. ఇందులో భూగోళ విద్యార్థులకు ఒక చిక్కుప్రశ్న కలదు. ఊరిలో ఉయ్యాలలు లేవు. బడిపిల్లల సందడి లేదు. మరణములు మాత్రము వయస్సునకు తగినట్లే ఉండును. మరి జనసంఖ్య పెరుగుట ఎట్లు? వలస వలననే. ఏటేట ఉత్తరపు చలిరాష్ట్రములనుండి ఉద్యోగము విరమించిన దంపతులు వేలకువేలుగా దిగుచున్నారు. పోయినవారి స్థానము నిండుటయే గాక, ప్రతి ఏడును కొత్త వీధులు వెలయుచున్నవి.

ఈ ఊరికి పురాతన చరిత్ర లేదు. హెరాల్డ్ ష్వార్ట్జ్ అను వ్యాపారి మొదట టపా ద్వారా స్థలములు అమ్మెడివాడు. ఆ వ్యాపారము సాగక, లేక్ కౌంటీలో తనకు మిగిలిన భూమిపై 1970 దశకమున ‘ఆరెంజ్ బ్లాసమ్ గార్డెన్స్’ అను పేర, బండిపై తెచ్చి నిలిపెడి చౌక ఇండ్ల పేట నొకదానిని నెలకొల్పెను. పదేండ్లు గడచినను సుమారు 400 ఇండ్లకు మించి అమ్ముడుపోలేదు. 1983లో కుమారుడు గారీ మోర్స్ వచ్చి చేరిన తరువాత దశ తిరిగినది. ముసలివారికి కావలసినది ఇల్లు మాత్రమే కాదనియు, పొద్దు గడుచుట యనియు ఆయన కనిపెట్టెను. గోల్ఫు మైదానములు, ఈతకొలనులు, సాయంకాలము సంగీతము వినుచు నాట్యమాడుటకు నడిబజారులు కట్టించెను. 1992లో ఊరికి ఇప్పటి పేరు పెట్టిరి. నేడు అక్కడ 50కి పైగా గోల్ఫు మైదానములు, గోల్ఫు బండ్లు తిరుగుటకై 100 మైళ్లకు మించిన ప్రత్యేక మార్గములు కలవు. కూరగాయలకును, వైద్యునికొరకును, చర్చికిని ఆ చిన్న బండిలోనే పోవుదురు. కారు నడుపుటకు ధైర్యము చాలని వృద్ధునికి అది ఎంత స్వేచ్ఛయో మనము ఊహింపవచ్చును.

ఇది నవ్వి తీసివేయదగిన ఊరు కాదు. ‘ముసలివారి ఆటస్థలము’ అని అమెరికా పత్రికలు పరిహాసమాడినవి. ఒంటరితనము ముసలితనమునకు సగము రోగము. ఆ రోగమునకు అక్కడ కొంత మందు దొరకినదనుట నిజము. కాబట్టియే ఆ ఊరివారు ఫిర్యాదు చేయుచున్నారనగా మనము ఆగి వినవలెను. ఊరు నచ్చనివారు కాదు, నచ్చినవారే ఫిర్యాదు చేయుచున్నారు.

వారి మాట స్థూలముగా ఇది: ‘మేము ఒక ఊరిని చూచి కొనుక్కొంటిమి. ఆ ఊరు మా కన్నులయెదుటనే వేరొక ఊరగుచున్నది.’ తొలుత లేక్ కౌంటీలో పుట్టిన పేట పడమరకు సాగి సమ్టర్ కౌంటీని, కొంతమేర మేరియన్ కౌంటీని ఆక్రమించినది. (కౌంటీ అనగా మన జిల్లావంటిది.) 2017 నుండి 44వ రాష్ట్ర రహదారిని దాటి దక్షిణముగా పాకుచున్నది. టర్న్‌పైకు అను మహారహదారిపై గోల్ఫు బండ్లకొరకే ఒక వంతెన కట్టినారు! ఇచ్చటి వినోద సౌకర్యములు ఏ వాడకు ఆ వాడవి కావు, ఊరందరికిని ఉమ్మడి. అందుచేత దక్షిణమున వేయి ఇండ్లు లేచినచో ఉత్తరమున ఆటకు వంతు దొరకుట కష్టమగును. చలికాలపు అతిథులు దిగు జనవరి మొదలు మార్చి వరకు ఈ ఒత్తిడి మరింత హెచ్చు. బండ్ల త్రోవలలో రద్దీ, కూడలులలో ప్రమాదభయము, వైద్యుని దర్శనమునకు నిరీక్షణ, ఇవన్నియు వారి సంభాషణలలో నిత్యము దొరలుచుండును. డెబ్బదియైదేండ్ల మనిషికి ‘కొన్నేండ్లు ఓపిక పట్టుము, రోడ్లు వెడల్పగును’ అని చెప్పుట సులభము. ఆ కొన్నేండ్లే ఆయనకు ఉన్న ఆస్తి.

అంబులెన్సు సంగతి అన్నిటికంటె గట్టిది. సమ్టర్ కౌంటీలో నివసించువారిలో సగము మంది సుమారు 68 ఏండ్లు దాటినవారు; అమెరికాలో ఇంత ముదిరిన కౌంటీ వేరొకటి లేదు. అట్టిచోట రోగిని ఆసుపత్రికి చేర్చుపని చాలకాలము ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో ఉండెను. పిలిచినపుడు బండి ఆలస్యముగా వచ్చుచున్నదని ఫిర్యాదులు ముదిరి, 2022 అక్టోబరునుండి ఆ పనిని అగ్నిమాపక శాఖలే చేపట్టినవి. ఇండ్లు పెరిగినంత వేగముగా అంబులెన్సులు పెరగలేదని ఊరివారు అన్నది ఊరకనే కాదు.

ఇంత ఇబ్బంది యున్నచో ఊరివారు ఎందుకు ఆపలేరు? ఇచ్చటనే కథలోని అసలు ముడి ఉన్నది. ఈ ఊరికి మేయరు లేడు, పురపాలక సంఘము లేదు. 1980లో ఫ్లారిడా చేసిన ఒక చట్టము క్రింద ఏర్పడిన ప్రత్యేక అభివృద్ధి మండలములు రోడ్లను, నీటిని, మైదానములను చూచుకొనును. ఈ మండలములకు అప్పుచేయు అధికారము కలదు. ఆ అప్పు ఇల్లు కొన్నవాని నెత్తిన వాయిదాలుగా పడి పన్నుతోపాటు వసూలగును. ఇక ఓటు సంగతి. మండలము పుట్టిన తొలినాళ్లలో మనిషికి ఓటు లేదు, ఎకరమునకొక ఓటు! ఎకరములన్నియు నిర్మాణ సంస్థవే. ఆరేండ్లు గడచి, 250 మంది ఓటర్లు చేరిన పిదప మాత్రమే పాలన క్రమముగా నివాసుల చేతికి వచ్చును. నివాసుల వాడలలో ఆ ప్రకారము వచ్చినది కూడ. కాని దుకాణములు మాత్రమే యున్న నడిబజారులకు వేరుగా మండలములు కలవు. అచ్చట కాపురముండువారు లేరు గనుక ఓటు ఎన్నటికిని భూమిదే. ఊరందరి వినోదశాలలను, మైదానములను చిరకాలము నడిపినవి ఈ మండలములే. పౌరశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు దీనిని ఒక పూట పాఠముగా చెప్పదగును. ప్రజాస్వామ్యము ఎక్కడ మొదలగునో, ఎక్కడ ఆగునో ఇంత స్పష్టముగా చూపు పటము మరొకటి అరుదు.

ఆ మండలములు మైదానములను నిర్మాణ సంస్థనుండి అప్పుతెచ్చి కొన్నవి. అప్పు తీర్చుటకు మూలధనము నివాసులు నెలనెల చెల్లించు రుసుములే. ఆ అప్పునకు పన్ను మినహాయింపు చెల్లునా యని 2008లో కేంద్ర ఆదాయపు పన్ను శాఖ విచారణకు దిగినది. నివాసులకు జవాబుదారి కాని సంస్థను ప్రభుత్వాంగముగా ఎంచుట ఎట్లని ఆ శాఖ 2013లో అభిప్రాయము తెలిపినది. నివాసులు కూడ ఊరకుండలేదు. సౌకర్యముల పోషణకు చాలినంత ధనము నిలువచేయలేదని వేసిన వ్యాజ్యము 2008లో రాజీతో ముగిసినది. సుమారు 4 కోట్ల డాలర్లు వాయిదాలుగా చెల్లించుటకును, ఉత్తరభాగపు సౌకర్యముల నిర్వహణలో నివాసులు ఎన్నుకొన్న సంఘమునకు అధికారమిచ్చుటకును ఒడంబడిక జరిగినది. ముసలివారిని తేలికగా చూడరాదని నిర్మాణ సంస్థ ఆనాడే తెలిసికొనియుండవలెను.

అసలు కలహము 2019లో చెలరేగినది. ఆ ఏడు సెప్టెంబరులో సమ్టర్ కౌంటీ కమిషనర్లు ఆస్తిపన్ను రేటును ఒక్కసారిగా నూటికి 25 వంతులు హెచ్చించిరి. వందలాది నివాసులు సభకు వచ్చి కాదన్నను వినలేదు. దక్షిణపు కొత్త పేటలకు వలయు రోడ్ల ఖర్చును పాత ఇండ్లవారిపై వేయుచున్నారని నివాసుల అభియోగము. ఇచ్చట ఒక మాట వివరింపవలెను. కొత్త ఇల్లు కట్టినపుడు దానివలన పెరుగు రోడ్డు ఖర్చులో కొంత భాగమును కట్టినవారినుండి వసూలుచేయు రుసుము ఫ్లారిడాలో కలదు. ముసలివారు తక్కువగా తిరుగుదురను కారణముచే విలేజెస్ ఇండ్లకు ఆ రుసుము ఇతరులకంటె బాగుగా తగ్గించియుండిరి. ఆ రుసుమును పెంచి పన్నును ముట్టకుండవలెనని నివాసులు అడిగిరి.

ఊరి దినపత్రిక నిర్మాణ సంస్థదే. అందుచేత ఇంటి యజమానుల సంఘపు మాసపత్రికయు, ఇరుగుపొరుగు మాటలును ప్రచార సాధనములైనవి. 2020 ఎన్నికలలో పాత కమిషనర్లు ముగ్గురు ఓడిరి. పన్ను పెంపును ఖండించిన ముగ్గురు గెలిచిరి. వచ్చిన కొలది నెలలకే 2021లో వారు రోడ్ల రుసుమును నూటికి 75 వంతులు పెంచిరి. ఆ ఏడే ఫ్లారిడా శాసనసభ ఒక చట్టము చేసినది: ఇట్టి రుసుములను నాలుగేండ్లలో నూటికి 50 వంతులు మించి పెంచరాదు, ఆ నియమము గడచిన జనవరి 1 నుండియే వర్తించును. పెంచిన రుసుము నిలువలేదు. పిమ్మట ఆ ముగ్గురిలో ఇద్దరిపై, తమలో తాము జరిపిన ఫోను సంభాషణలను గూర్చి ప్రమాణము చేసి అబద్ధమాడిరను నేరారోపణ వచ్చి, 2022 జనవరిలో గవర్నరు వారిని పదవులనుండి నిలిపివేసెను. వారిలో ఒకరికి పడిన శిక్షను 2024లో అప్పీలు కోర్టు కొట్టివేసినది. చట్టసభ చేసినది రాష్ట్రమంతటికి చేసిన సామాన్య చట్టమే కావచ్చును. అయినను, ఓటువేసి గెలిచి, గెలిచినది చేతికందక చూచుచుండిన వృద్ధులకు ఆ వివరణ తృప్తి కలిగింపలేదనుటలో ఆశ్చర్యములేదు.

పన్నులను మార్చవచ్చును, నేలను మార్చలేము. మధ్య ఫ్లారిడా అంతయు సున్నపురాతిపై నిలిచియున్నది. వాన నీరు ఆ రాతిని కరగించి లోపల తొర్రలు చేయును. మన బొర్రా గుహలు, బెలుం గుహలు ఇట్లు ఏర్పడినవే. తొర్రకు పైకప్పు మన్నుదైనపుడు అది ఒకనాడు కూలును. నేల నోరు తెరచినట్లగును. 2015 చివర భారీ వర్షముల తరువాత కడప జిల్లా చింతకొమ్మదిన్నె మండలములో పొలములు గుంతలుగా కుంగుట మన పాఠకులకు జ్ఞాపకముండును. అచ్చటను క్రింద సున్నపురాయియే. తొర్రలలోని నీరు కొంతవరకు పైకప్పును మోయుచుండును. ఆ నీటిని విపరీతముగా తోడినను ప్రమాదమే. 2010 జనవరిలో విలేజెస్‌కు దక్షిణమున ప్లాంట్ సిటీ వద్ద రైతులు స్ట్రాబెర్రీ తోటలను మంచునుండి కాపాడుటకై దినముల తరబడి భూగర్భజలమును తోడగా 100కు పైగా గుంతలు పడినవి. విలేజెస్‌లోనే 2018లో ఒక వీధిలో నేల కుంగి ఇండ్లు ఖాళీ చేయవలసివచ్చినది. మైదానములకు వాడిన నీటిని శుద్ధిచేసి మరల పోయుదురు, చెరువుల వాననీటిని కూడ వాడుదురు. ఆ మేరకు మెచ్చుకొనవలెను. కాని పచ్చికకు నీరు చల్లు ప్రతి కొత్త ముంగిలియు అదే భూగర్భ భాండారముపై ఒక కొత్త చేద.

నిర్మాణ సంస్థ పక్షమునను ఒక న్యాయము కలదు. ‘ఇక చాలు’ అనువాడు నిన్న వచ్చినవాడే. వాని ఇల్లు లేచినపుడు మొన్న వచ్చినవాడు అదే మాట అనియుండెను. కొత్తగా వచ్చువాడును చలినుండి, ఒంటరితనమునుండి పారివచ్చిన ముదుసలియే. అతనిని వద్దనుటకు పాతవానికి హక్కెక్కడిది? ఈ ప్రశ్నకు నివాసులలో ఆలోచనాపరులు చెప్పు జవాబు నాకు సబబుగా తోచినది. వారు రావద్దనుటలేదు, వచ్చువారి ఖర్చు ఎవరు భరింతురో, ఎంతవరకు వత్తురో ముందుగా చెప్పుమనుచున్నారు. పటములో ఊరి పొలిమేర గీయుమని అడుగుచున్నారు. మన పట్టణముల శివారులలోను వృద్ధులకై ప్రత్యేక గృహ సముదాయములు లేచుచున్న ఈ కాలమున, అచ్చట ఇల్లు కొనువారు కూడ ఆ పటమును ముందే అడిగి చూచుట మంచిది.

ఇటీవలి వింత మరొకటి. ఈ ఊరిలో 19 ఏండ్లలోపు పిల్లలు కొద్ది వాడలలో తప్ప కాపురముండరాదు; మనుమడైనను ఏడాదికి 30 దినములే అతిథి. కాని ఇందరు వృద్ధులకు వంట చేయుటకును, మందులిచ్చుటకును, పచ్చిక కోయుటకును పడుచువారు కావలెను గదా! వారికి పిల్లలుందురు గదా! అందుచేత నిర్మాణ సంస్థ తన ఉద్యోగుల పిల్లలకై బడి నడుపుచున్నది. ఇప్పుడు దక్షిణపు కొనలో ‘మిడిల్టన్’ అను పేర, పిల్లలుగల కుటుంబములకే ఒక కొత్త పట్టణమును కట్టుచున్నది. 2023లో అచ్చట ఉన్నత పాఠశాల తలుపులు తెరచినది. ముసలివారి ఊరి పొలిమేరలో ఉదయము బడిగంట మ్రోగుచున్నది. ఆ త్రోవలో బడి బస్సులు, గోల్ఫు బండ్లు, ఇటుకల లారీలు ఒకదాని వెనుక నొకటి నిలిచి వంతుకొరకు వేచియుండును.